స్టార్ట్ చేశారా, పాస్టర్ గారూ?



పోయిన వారం పక్క ఊరి ఉపవాస కూడికలో మన సంఘ పెద్ద ఒకరు లేచి సాక్ష్యం చెప్పారు. "మా అయ్యగారు ఒక్క అబద్ధం ఆడితే కారుకి రెండు లక్షలు వచ్చేవి. ఆడలేదు. వదులుకున్నారు" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నేను తల దించుకుని కూర్చున్నాను. వినయం వల్ల అనుకుని ఉంటారు. మొదటి సంగతి, అది రెండు లక్షలు కాదు. రెండో సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొంచెం ఓపికగా చదవండి, ఇందులో కారు గురించే ఎక్కువ ఉంటుంది.

ఆ కారు ఎలా వచ్చిందో మీలో చాలామందికి తెలుసు. 2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు మన పాలెంలో ఒకామెకు ఊపిరి ఆడకపోతే ఆటోవాళ్లు ఎవరూ రాలేదు. పాల వ్యాన్‌లో తీసుకెళ్లాం. ఆ తర్వాతే సంఘానికో బండి ఉండాలని అందరూ అన్నారు. మిరపకాయల కోతకు వెళ్లిన ఆడవాళ్లు రెండు రోజుల కూలి ఇచ్చారు. గుప్పెడు బియ్యం కానుక ఏడాదంతా దానికే పెట్టాం. ఒకాయన మేకపోతును తోలుకొచ్చి గుడి ముందు కట్టేసి వెళ్లిపోయాడు, ఎవరికి అమ్మాలో ఎంతకి అమ్మాలో కూడా చెప్పలేదు. అలా 1,95,000 రూపాయలకు 2014 మోడల్ ఆల్టో ఒకటి పాతది కొన్నాం. తెల్లది. వెనక అద్దం మీద ముందాయన అంటించిన సినిమా హీరో బొమ్మ గీకడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది.

పాత బండి కొన్నవాడికి మొదట తగిలే దెబ్బ ఇంజన్‌లో ఉండదు, కాగితాల్లో ఉంటుంది. బ్రోకరు "ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలు ఉంది సార్, మీకేం ఖర్చు లేదు" అన్నాడు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అయ్యాయి, ఆర్‌సీ నా పేరు మీదకు వచ్చింది. ఇన్సూరెన్స్ బండితో పాటు దానంతటదే వస్తుందనుకున్నాను. మూడో నెలలో రాత్రిపూట ప్రార్థన నుంచి వస్తుంటే చెరువు కట్ట మీద గేదె అడ్డమొచ్చింది. గేదెకు ఏమీ కాలేదు, లేచి దులుపుకుని పోయింది. బంపరు, ఒక హెడ్‌లైటు, రేడియేటరు పోయాయి. 14 వేలు అయింది. కంపెనీవాళ్లు ఒక్క రూపాయి ఇవ్వలేదు. తప్పు వాళ్లది కాదు. బండి చేతులు మారితే, ఎదుటివాడికి జరిగే నష్టం తాలూకు బీమా చట్టప్రకారం కొత్త యజమానికి వస్తుంది గానీ, మన బండికి జరిగే నష్టం తాలూకు బీమా రాదు. 14 రోజుల్లోగా మనం దరఖాస్తు పెట్టి పాలసీని మన పేరుకు మార్పించుకోవాలి. మీలో కనీసం ముగ్గురు పాత బండ్లు కొన్నారని నాకు తెలుసు. ఇది చదవడం ఆపి ఆ కాగితం మీద ఎవరి పేరుందో ఒకసారి చూసుకుని రండి.

అప్పటి నుంచి ప్రతి ఫిబ్రవరిలో పాలసీ నా పేరు మీదే కడుతున్నాం. ఏటా మన కోశాధికారికీ నాకూ ఒక మాట తప్పదు. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే ఈ సైజు ఇంజన్‌కి 2024లో 2,094 రూపాయలు ఉండేది, దాని మీద పన్ను. ఫుల్ అయితే ఇంకో మూడు వేలు పైన. "లక్షా పదివేల బండికి ఇంత ఎందుకయ్యగారూ, దేవుడు కాపాడడా" అని ఆయన. "గేదె విషయంలో మాత్రం మన జేబే కాపాడింది కదండీ" అని నేను. 2024లో కూడా నేనే గెలిచాను. ఇంజన్‌లోకి నీళ్లు పోతే ఇచ్చే కవరు ఒకటి విడిగా ఉంటుందని ఏజెంటు అప్పుడే చెప్పాడు, కానీ మన బండికి వయసు దాటిపోయింది, ఇవ్వరు అన్నాడు. మన ఊళ్లో తాగే నీళ్లకే కటకట, ఇంజన్‌లోకి నీళ్లెక్కడివని నవ్వుకున్నాం.

2024 ఆగస్టు 31, శనివారం. మన సంఘంలోని అమ్మమ్మగారి కంటి ఆపరేషన్‌కి విజయవాడ వెళ్లాం. మధ్యాహ్నానికి ఆపరేషన్ అయిపోయింది. సాయంత్రం పంపించేశారు. ఆ వాన మీకు గుర్తుంది. కొండ చరియలు విరిగిపడి మొగల్రాజపురంలో మనుషులు చనిపోయింది ఆ రోజే. కంటికి కట్టు కట్టిన ముసలామెను పెట్టుకుని 60 కిలోమీటర్లు ఆ చీకట్లో రావడం ఎందుకని సింగ్ నగర్‌లో మా బావమరిది ఇంట్లో ఆగాం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బయల్దేరితే ఆరాధన వేళకు వచ్చేయొచ్చు అనుకున్నాను.

నాలుగింటికి లేవలేదు. లేచేసరికి అయిదున్నర దాటింది. వీధిలో కాలి మడమల దాకా నీళ్లు. వాన నీళ్లే, పోతాయనుకున్నాం. అవి వాన నీళ్లు కావు, బుడమేరు. అరగంటలో మెట్టు ఎక్కాయి. బెజవాడ దుఃఖదాయని అని పాతవాళ్లు దాన్ని ఎందుకన్నారో ఆ పొద్దున అర్థమైంది. బావమరిది పైవాటా మీద నుంచి "బావా, బండి వదిలెయ్, పైకి రా" అని కేకలు. నాకేమో ఆ మేకపోతు గుర్తొచ్చింది, మిరప కూలీలు గుర్తొచ్చారు. ఫ్లైఓవర్ మీదకు ఎక్కిస్తే చాలు అనుకుని స్టార్ట్ చేశాను. అప్పటికి నీళ్లు సగం టైరు మీదకే ఉన్నాయి, చక్కగా స్టార్ట్ అయింది.

వీధి మలుపు దాకా వెళ్లాను. ఎదురుగా ఒక లారీ వచ్చింది. దాని అల వచ్చి బానెట్ మీద పడింది. బండి ఆగిపోయింది.

ఇక్కడ కొంచెం యంత్రం సంగతి చెప్పాలి. మా మెకానిక్ తర్వాత నాకు చెప్పినదే. ఇంజన్ గాలి పీల్చుకుంటుంది. ఆ గాలిని పిస్టన్ పైకి వచ్చి నొక్కుతుంది. గాలి నలుగుతుంది. నీళ్లు నలగవు. గాలి గొట్టంలోంచి నీళ్లు సిలిండర్‌లోకి పోయాక మనం మళ్లీ తాళం తిప్పితే, పిస్టన్ పైకి రావాలని చూస్తుంది, నీళ్లు ఒప్పుకోవు. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆగిపోయిన బండిని ఆగిపోయినట్టే వదిలేస్తే చాలాసార్లు నూనె మార్చి, ప్లగ్గులు విప్పి నీళ్లు తోడి, శుభ్రం చేస్తే సరిపోతుంది. కాబట్టి నీళ్లలో బండి ఆగితే తాళం ముట్టుకోవద్దు. నీళ్లు తీశాక కూడా ముట్టుకోవద్దు. వీలైతే బ్యాటరీ తీగ ఊడదీయండి, ఫోటోలు తీయండి, లాక్కెళ్లే బండిని పిలవండి.

నాకు ఆ రోజు ఇది తెలియదు. తాళం తిప్పాను. గుర్రుమని ఆగింది. మళ్లీ తిప్పాను. రెండోసారి అందుకుంది. రెండు మూడు సెకన్లు. లోపల ఠక్కుమని ఒక చప్పుడు, ఎవరో సుత్తితో కొట్టినట్టు. అంతే. నీళ్లు డోరు సందుల్లోంచి కాళ్ల కిందకు వస్తున్నాయి. బైబిలు, ఆమె కంటి చుక్కల సంచి నెత్తిన పెట్టుకుని ఈదినట్టే వెనక్కి వచ్చాను. సాయంత్రానికి కారు కిటికీల దాకా మునిగింది. పద్నాలుగేళ్ల సేవలో ప్రసంగ పీఠం దగ్గర లేని మొదటి ఆదివారం అది.

పైవాటాలో ఎన్ని రోజులు ఉన్నామో, పడవలో ఎలా బయటపడ్డామో ఇదివరకే చెప్పాను, మళ్లీ రాయను. అమ్మమ్మగారు మాత్రం పడవలో కూడా కట్టు ఉన్న కన్ను చేత్తో పట్టుకుని, "నా కంటి కోసం నీ కారు ములిగిపాయె నాయనా" అంటూనే ఉంది. నీ కారు అంది. నాది కాదు కదా.

నీళ్లు తీశాక బావమరిది ఇంటికి మళ్లీ వెళ్లి, బురదలో కూర్చున్న బండి పక్కన నిలబడి కంపెనీకి ఫోన్ చేశాను. ఆ పాటికి విజయవాడ అంతా ఇదే మాట. ఫలానా వాళ్లకు క్లెయిమ్ వచ్చింది, ఫలానా వాళ్లకు రాలేదు, ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు. ఫోన్‌లో ఒక అమ్మాయి. చాలా మర్యాదగా మాట్లాడింది, ఇంట్లో అందరూ బాగున్నారా సార్ అని కూడా అడిగింది. పాలసీ నంబరు, బండి నంబరు అయ్యాక అడిగింది: "నీళ్లలో ఉన్నప్పుడు గానీ తర్వాత గానీ స్టార్ట్ చేయడానికి ట్రై చేశారా సార్?"

ఎదురుగా బావమరిది తల అడ్డంగా ఊపుతున్నాడు.

"లేదండీ. ఇంటి ముందు పార్క్ చేసి ఉంది" అన్నాను.

అదీ నేను చెప్పాలనుకున్న రెండో సంగతి. ఎవరూ బలవంతం చేయలేదు. బావమరిది తల ఊపాడు గానీ మాట నాది. వేసిన ప్రశ్నకు ఒక అబద్ధం చాలు, నేను రెండు చెప్పాను. ఇంటి ముందు అన్న మాట ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం యోనా గ్రంథం మీద ప్రసంగించాను. నీళ్లు, తుఫాను, ప్రాణాలతో బయటపడటం. చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నారు. మీరు గమనించారో లేదో, నేను చేప గురించి చాలాసేపు మాట్లాడాను. పారిపోయినవాడి గురించి పెద్దగా మాట్లాడలేదు.

బండిని లాక్కొచ్చి మన మండలంలోని షెడ్డులో పెట్టాం. సర్వేయర్ వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, కళ్ల కింద నల్లగా ఉంది, రోజుకి పాతిక బండ్లు చూస్తున్నానన్నాడు. నీళ్లు ఎంతవరకు వచ్చాయో గుర్తు చూసి, ఫోటోలు తీసుకుని, ఇంజన్ విప్పమని, విప్పాక పిలవమని చెప్పి వెళ్లాడు. ఏమీ అడగలేదు. ఫోన్‌లో చెప్పినదే అతని దగ్గర రాసి ఉంది.

విప్పారు. నూనె పాలు కలిపిన కాఫీలా ఉంది. మూడు సిలిండర్లలో మధ్యదాని రాడ్డు తీసి మెకానిక్ నా అరచేతిలో పెట్టాడు. పెద్దగా ఏమీ వంగలేదు, కొంచెమే. సరిగా చూడకపోతే తెలియదు. "ఆగి ఉన్న బండిలో ఇది వంగదు పాస్టర్ గారూ" అన్నాడు మెల్లగా. "సెల్ఫ్ కొట్టారుగా?" నేను మాట్లాడలేదు. ఆయన మన సంఘం మనిషి కాదు, నన్ను ఇరుకున పెట్టడం ఇష్టంలేక తనే దారి చూపించాడు. "పర్లేదు. లాక్కొచ్చేటప్పుడు గేర్‌లో ఉండిపోయి తిరిగిందని చెప్దాం. నేను చెప్తా." పక్కన స్పేర్ పార్టులమ్మే ఆయన ఇంకో దారి చెప్పాడు. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే మొత్తం పోయినట్టే లెక్కేస్తారట, మన బిల్లు దానికి కొంచెం తక్కువలో ఆగింది, నాలుగు వేల సామాను ఎక్కించి రాస్తే బండి విలువంతా వస్తుందని. నేను దానికి వెంటనే వద్దన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వద్దన్నంత తొందరగా మొదటిదాన్ని వద్దనలేదు.

షెడ్డులో పనిచేసే కుర్రాడు మీకు తెలుసు. యూత్ మీటింగ్‌కి వస్తాడు, గిటార్ నేర్చుకుంటున్నాడు. వాడు డీజిల్ డబ్బాలో బోల్టులు కడుగుతూ ఇదంతా విన్నాడు. మెకానిక్ టీకి వెళ్లాక తలెత్తకుండానే అడిగాడు: "అయ్యగారూ, ఆ సార్ నన్నడిగితే ఏం చెప్పమంటారు?"

వాడు నన్ను నిలదీయలేదు. నిజంగానే అడిగాడు. నేను ఏం చెప్పమంటే అది చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు.

మత్తయి సువార్త 5వ అధ్యాయం 37వ వచనం మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. వాటిలో ఒక్కటీ ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు. వాడి నోట్లో ఆ మాట పెట్టడం నా వల్ల కాలేదు, అంతే. ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఆ రాడ్డు చేతిలో ఉంది, సర్వేయర్‌కి కళ్లున్నాయి, దొరికిపోతానన్న భయం కూడా నాకుంది. అది మనస్సాక్షా, భయమా, వాడి ముఖమా అంటే నేను విడదీసి చెప్పలేను.

సర్వేయర్ మళ్లీ వచ్చినప్పుడు అతను అడగకముందే చెప్పాను. "ఫోన్‌లో నేను తప్పు చెప్పానండీ. నీళ్లలో నడిపాను. ఆగాక రెండుసార్లు స్టార్ట్ చేశాను." అతను రాయడం ఆపి నా వైపు చూశాడు. మెచ్చుకోలేదు. కొంచెం విసుగ్గానే, "ఇప్పుడు రిపోర్టు మార్చాలి సార్" అన్నాడు. మార్చాడు. మాట మార్చినందుకు మొత్తం క్లెయిమ్ పోయే ప్రమాదం కూడా ఉందని వెళ్లేముందు చెప్పాడు. ఆ తర్వాత ఏడు వారాలు నాకు సరిగా నిద్ర లేదు.

చివరికి ఇంజన్ వరకు తీసేసి మిగతాది ఇచ్చారు. లెక్క ఇదిగో, కోశాధికారి పుస్తకంలో కూడా ఉంది. ఇంజన్ కాక వైరింగు, స్టార్టర్, సీట్లు, బ్యాటరీ, శుభ్రం చేసిన కూలీ కలిపి 38 వేలు. పదేళ్లు దాటిన బండికి విడిభాగాల ఖరీదులో సగం తరుగు కింద కోస్తారు, మన వంతు వెయ్యి మినహాయిస్తారు. 24 వేలు వచ్చింది. ఇంజన్‌కి 41,500 అయింది. అందులో సామాను 29 వేలు, కూలీ 12,500. నేను అబద్ధం మీదే నిలబడి ఉంటే, సామానులో సగం, కూలీ మొత్తం కలిపి ఇంకో 27 వేలు వచ్చేవి. సాక్ష్యంలో రెండు లక్షలు అయినది ఈ 27 వేలే.

సంఘ కూటంలో ఇది చెప్పినప్పుడు, ఇంజన్‌కి డబ్బు రాదని మాత్రం చెప్పాను. సర్వేయర్‌కి నిజం చెప్పానని చెప్పాను. ఫోన్ సంగతి చెప్పలేదు. ఒక పెద్దాయన లేచి, "నిజం చెప్పింది తమరు, డబ్బు కట్టేది మేము" అన్నారు. కొందరు ఆయన్ని కసిరారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ బండిని నీళ్లలోకి దింపింది నేను, తాళం రెండోసారి తిప్పింది నేను. ఇంటికొచ్చాక మా ఆవిడ చీటీ పాట పాడేసింది. ఇంకా ఏడు నెలలు ఉన్న చీటీ, బాగా నష్టానికే పాడింది. 27 వేలు కోశాధికారికి ఇచ్చాం. ఆయన రసీదు రాసేటప్పుడు దేని కింద రాయమంటారని అడిగారు. కారు ఖాతాలో రాయమన్నాను. అది కానుక కాదని ఆయనకు అప్పుడు చెప్పాల్సింది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పది నిమిషాలు కూర్చోండి. ఇక్కడ రాసినది ఫోన్‌లు లేనివాళ్లకు కూడా నోటితో చెప్తాను. షెడ్డు కుర్రాడిని కూడా రమ్మన్నాను. అమ్మమ్మగారికి ఇంటికెళ్లి విడిగా చెప్తాను, ఆమెకు వినిపించదు, గట్టిగా చెప్పాలి.

ఆ తర్వాత ఇన్సూరెన్స్ మాట. పాలసీ ఫిబ్రవరి 11తో అయిపోతుంది. క్లెయిమ్ లేకుండా మూడేళ్లు నిండి ఉంటే ఈసారి 35 శాతం తగ్గేది, క్లెయిమ్ తీసుకున్నాం కాబట్టి అది సున్నా అయింది, ప్రీమియం పెరుగుతుంది. థర్డ్ పార్టీ ఒక్కటే చాలని కోశాధికారి ఈసారి మళ్లీ అంటారు. నేను ఫుల్ అనే అంటాను, కానీ ఈసారి ఓటు వేయను.

బండి బాగానే నడుస్తోంది. ఎడమ వెనక తలుపు దగ్గర మాత్రం ఎంత కడిగినా బురద వాసన పోలేదు.